అబాయా కొంటే ఆధార్ ఎందుకు? కార్డుతో కట్టేటప్పుడు ఎవరికి ఏ వివరం ఇవ్వాలి

రంజాన్ నెలవంక కనిపించడానికి పది రోజుల ముందే ఫోన్లలో బజార్లు తెరుచుకుంటున్నాయి. అబాయాలు, హిజాబులు, అజ్వా ఖర్జూరాలు, అత్తర్లు, పిల్లలకు కుర్తా పైజామాలు. బక్రీద్ దగ్గర పడితే ఖుర్బానీ వాటాలు. ఏడాది పొడుగునా ఉమ్రా ప్యాకేజీలు. ఒకప్పుడు చార్మినార్ పక్కన లాడ్ బజారుకో, విజయవాడ వన్‌టౌన్‌కో పిల్లలతో సహా వెళ్లి కొనే సరుకు ఇప్పుడు కూర్చున్న చోటికే వస్తోంది. ఇందులో తప్పేమీ లేదు. ఇంటి పనితో తీరిక లేని ఆడవాళ్లకు, ఎండలో తిరగలేని పెద్దవాళ్లకు ఇది మేలే.

దుకాణంలో అయితే డబ్బు చేతిలో పెడితే సరుకు చేతికొచ్చేది. దుకాణదారుడికి కొన్నవాళ్ల పేరు కూడా తెలియాల్సిన పని లేదు. ఆన్‌లైన్‌లో అలా కుదరదు. పేరు, ఇంటి అడ్రసు, ఫోన్ నంబరు, కార్డు వివరాలు ఇస్తేగానీ ఆర్డరు ముందుకు సాగదు. అక్కడితో ఆగితే బాగుండేది. ఇన్‌స్టాగ్రామ్‌లోనో వాట్సాప్‌లోనో అమ్మేవాళ్లలో కొందరు ఇంకో అడుగు ముందుకేసి "వెరిఫికేషన్‌కి ఆధార్ ఫోటో పెట్టండి", "పేమెంట్ పడలేదు, కార్డు ముందూ వెనకా ఫోటో పంపండి" అని అడుగుతున్నారు. ఎనిమిది వందల రూపాయల అబాయాకు ఆధార్‌తో ఏం పని అని ఎదురు ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. అడిగారు కదా, పంపేస్తే పోలా అనుకునేవాళ్లే ఎక్కువ.

ఇక్కడ ఒక తేడా గుర్తు పెట్టుకోవాలి. కార్డు నంబరు దొంగల చేతిలో పడితే నష్టం నిజమే, కానీ ఆ కార్డును రెండు నిమిషాల్లో బ్లాక్ చేసి, కొద్ది రోజుల్లో కొత్త నంబరుతో ఇంకో కార్డు తెచ్చుకోవచ్చు. పుట్టిన తేదీని అలా మార్చుకోలేం. అమ్మ పేరు, పాన్, ఆధార్, ముఖం ఉన్న ఫోటో కూడా అంతే. ఒకసారి బయటికి పోతే పోయినట్టే. అందుకే ఆన్‌లైన్‌లో కట్టేటప్పుడు కార్డు మీద ఎంత జాగ్రత్త ఉంటుందో, కార్డు వెనక ఉన్న మనిషి వివరాల మీద అంతకు రెట్టింపు ఉండాలి.

ముగ్గురికి మూడు వివరాలు

కార్డుతో కట్టేటప్పుడు తెరమీద ఒకే పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అవతల ముగ్గురు వేర్వేరు వాళ్లు ఉంటారు. మొదటి వాళ్లు అమ్మకందారులు. సరుకు చేరవేయడానికి వీళ్లకు పేరు, అడ్రసు, ఫోన్ నంబరు కావాలి. బిల్లు పంపడానికి ఈమెయిల్ అడగొచ్చు. రెండోది పేమెంట్ గేట్‌వే. డబ్బు కట్టే బటన్ నొక్కగానే తెరుచుకునే పేజీ మామూలుగా దీనిదే. కార్డు నంబరు, గడువు తేదీ, కార్డు వెనక ఉండే మూడంకెల సీవీవీ ఇవ్వాల్సింది ఇక్కడ. మూడోది కార్డు ఇచ్చిన బ్యాంకు. ఓటీపీ అడిగేది బ్యాంకు. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే వివరాలకు తోడు ఇలాంటి రెండో తనిఖీ ఉండాలని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచే నిబంధన పెట్టింది. ఆ ఓటీపీని ఆ పేజీలో ఉన్న గడిలో తప్ప ఇంకెక్కడా రాయకూడదు, ఎవరికీ చదివి వినిపించకూడదు.

పుట్టిన తేదీ, అమ్మ పేరు, ఆధార్, పాన్, ఏటీఎం పిన్ ఈ లెక్కలో ఎక్కడా రాలేదు. బట్టలో ఖర్జూరాలో అమ్మేవాళ్లు వీటిలో ఏది అడిగినా అనుమానించాల్సిందే. పుట్టినరోజుకు డిస్కౌంటు పంపుతామని తేదీ అడిగే సైట్లు కూడా ఉన్నాయి. ఎర్ర చుక్క గుర్తు లేని గడిని ఖాళీగా వదిలేస్తే ఆర్డరేమీ ఆగదు. వంద రూపాయల కూపను కోసం జీవితాంతం మారని వివరం ఇవ్వడం నష్టపు బేరం.

అమ్మేవాళ్లు ఎవరో తెలుసుకునే హక్కు కొనేవాళ్లకూ ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన అసలు పేరు, ఆఫీసు అడ్రసు, సంప్రదించే నంబరు, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు సైటులో కనిపించేలా పెట్టాలి. ఇవేవీ లేకుండా ఒక వాట్సాప్ నంబరు, నాలుగు మోడల్ ఫోటోలు మాత్రమే ఉంటే అక్కడ కార్డు బయటికి తీయకపోవడం మంచిది. సైటు అడ్రసు పక్కన తాళం బొమ్మ ఉంది కదా అని ధైర్యపడతారు కొందరు. ఆ తాళం చెప్పేది ఒక్కటే, ఫోనుకీ సైటుకీ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని. సైటు నడిపేది దొంగా దొరా అన్నది తాళం చెప్పదు. దొంగ సైట్లకు కూడా ఆ తాళం సులువుగానే దొరుకుతుంది.

టోకెన్ అంటే ఏమిటి

కార్డు నంబరు రాసేటప్పుడు "ఈ కార్డును భద్రపరచాలా" అని ఒక గడి కనిపిస్తుంది. చాలామంది భయపడి దాన్ని వదిలేస్తారు, ఇంకొందరు చూడకుండానే నొక్కేస్తారు. దాని వెనక ఏం జరుగుతుందో తెలిస్తే రెండూ అక్కర్లేదు.

2022 అక్టోబరు 1కి ముందు షాపింగ్ సైట్లు కార్డు నంబర్లను తమ దగ్గరే దాచుకునేవి. ఆ సైటు కంప్యూటర్లలోకి ఎవరైనా చొరబడితే లక్షల నంబర్లు ఒక్కసారిగా పోయే ప్రమాదం ఉండేది. ఆ తేదీ నుంచి రిజర్వు బ్యాంకు దాన్ని ఆపేసింది. ఇప్పుడు మన దేశంలో కార్డు నంబరును దాచుకోగలిగేది కార్డు ఇచ్చిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి కార్డు నెట్‌వర్కు మాత్రమే. లెక్కలు సరిచూసుకోవడానికి అమ్మకందారు దగ్గర చివరి నాలుగు అంకెలు, బ్యాంకు పేరు ఉండొచ్చు. అంతే.

కార్డును భద్రపరచమని ఒప్పుకుని ఓటీపీ ఇస్తే, అసలు నంబరుకు బదులు ఒక మారు నంబరు తయారవుతుంది. దాన్నే టోకెన్ అంటారు. ఒక సైటు కోసం తయారైన టోకెన్ ఇంకో సైటులో పనిచేయదు. రైలు టికెట్టు లాంటిదనుకోవచ్చు, ఆ రైలుకు తప్ప ఇంకో రైలుకు చెల్లదు. సైటులో దొంగతనం జరిగినా దొంగకు దొరికేది ఆ చెల్లని టికెట్టే. కాబట్టి నెలనెలా కొనే పెద్ద సైటులో టోకెన్ పెట్టుకోవడం వల్ల వచ్చే ముప్పు తక్కువ. ఏడాదికోసారి ఖర్జూరాలు కొనే సైటులో మాత్రం పెట్టుకోవాల్సిన అవసరమే లేదు. ఎక్కడెక్కడ టోకెన్లు ఉన్నాయో చూసుకుని, వద్దనుకున్నవి తీసేసే సదుపాయం కార్డు ఇచ్చిన బ్యాంకే కల్పించాలి. బ్యాంకు యాప్‌లో కార్డుల విభాగంలో వెతికితే దొరుకుతుంది.

ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటును ఒక్క ఫోటో నీళ్లపాలు చేస్తుంది. వాట్సాప్‌లో కార్డు ముందూ వెనకా ఫోటో పంపితే నంబరు, పేరు, గడువు, సీవీవీ అన్నీ ఒకేసారి అవతలివాళ్ల గ్యాలరీలో చేరిపోతాయి. పేమెంట్ పూర్తయ్యాక సీవీవీని ఎవరూ దాచుకోకూడదన్నది కార్డు సంస్థలన్నీ పాటించే అంతర్జాతీయ నియమం. ఫోటో తీసుకున్న మనిషికి ఆ నియమంతో పని లేదు. "మరి ఓటీపీ లేకుండా ఏం చేయగలరు" అనే అనుమానం సహజం. మన దేశపు సైట్లలో చేయలేరేమో గానీ, విదేశీ సైట్లలో చాలావాటిలో ఓటీపీ లేకుండానే కార్డు నడిచిపోతుంది. అర్ధరాత్రి డాలర్లలో డబ్బు పోయిందని వచ్చే మెసేజ్‌ల వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

దీనికి తాళం కార్డు ఉన్నవాళ్ల చేతిలోనే ఉంది. రిజర్వు బ్యాంకు 2020 జనవరిలో ఇచ్చిన ఆదేశం ప్రకారం కొత్త కార్డు వచ్చినప్పుడు మన దేశంలోని ఏటీఎంలలో, దుకాణాల మిషన్లలో మాత్రమే అది పనిచేయాలి. ఆన్‌లైన్, విదేశీ చెల్లింపులు కావాలంటే కార్డుదారే విడిగా ఆన్ చేసుకోవాలి. బ్యాంకు యాప్‌లో ఈ స్విచ్చులు ఉంటాయి, రోజుకు ఎంతవరకు అనే పరిమితి కూడా పెట్టుకోవచ్చు. ఆన్‌లైన్ వరకు ఆన్ చేసి, రోజుకు మూడు వేలో ఐదు వేలో పరిమితి పెట్టి, విదేశీ చెల్లింపుల స్విచ్చు ఆఫ్‌లో ఉంచితే సగం ముప్పు అక్కడే ఆగిపోతుంది. ఉమ్రాకు వెళ్లేవాళ్లు బయల్దేరే ముందు ఆన్ చేసుకుని, వచ్చాక మళ్లీ ఆఫ్ చేస్తే సరిపోతుంది.

సలాం చెప్పి అడిగే ఓటీపీ

వివరాలు బయటికి పోతే ఏమవుతుందో అర్థం కావాలంటే, తర్వాత వచ్చే ఫోన్ కాల్‌ని చూడాలి. అది సాధారణంగా ఇలా సాగుతుంది. "అస్సలాము అలైకుమ్ బాజీ, మీరు మొన్న ఆర్డర్ చేసిన నల్ల అబాయా హైదరాబాద్ హబ్‌లో ఆగిపోయింది. మీ కార్డు చివరి నాలుగు అంకెలు ఇవే కదా? డబ్బు తిరిగి వేస్తాం, ఇప్పుడొచ్చే నంబరు చెప్పండి." పేరు సరిగ్గానే ఉంది, ఆర్డరు సరిగ్గానే ఉంది, అంకెలు కూడా సరిగ్గానే ఉన్నాయి. పైగా పలకరింపులో సలాం ఉంది. ఇంక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

ఆ నాలుగు అంకెలు రహస్యమేమీ కావు. బిల్లు మీద ఉంటాయి, బ్యాంకు మెసేజ్‌లో ఉంటాయి, అమ్మకందారు రికార్డులో ఉంటాయి. పేరు, ఫోన్ నంబరు, వీధి పేరు అన్నీ పార్సిల్ మీద అతికించిన కాగితంలోనే ఉంటాయి, ఆ డబ్బాను చాలా ఇళ్లలో అలాగే చెత్తబుట్టలో వేస్తారు. ఆ కాగితాన్ని చింపేయడమో, పేరూ నంబరూ కనిపించకుండా పెన్నుతో కొట్టేయడమో నిమిషం పని. కాల్ చేసినవాళ్లకు మన వివరాలు తెలిసినంత మాత్రాన వాళ్లు బ్యాంకువాళ్లో కంపెనీవాళ్లో అయిపోరు. రీఫండ్ సంగతి కూడా అంతే. కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రావాలంటే అది అదే కార్డు ఖాతాలోకి వస్తుంది. దానికి ఓటీపీ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, కొత్త లింకు నొక్కాల్సిన పని లేదు, ఫోనులో ఏ యాప్ వేసుకోవాల్సిన పనీ లేదు. ఓటీపీ వచ్చిందంటే డబ్బు పోయే దారి తెరుచుకుందని అర్థం. ఆ మెసేజ్‌లో అంకెల ముందూ వెనకా ఉన్న మాటలు కూడా చదవాలి. ఎంత మొత్తం, ఎవరికి వెళుతోంది అన్నది చాలా బ్యాంకులు అందులోనే రాస్తాయి. తొందరలో అంకెలు మాత్రమే చూడటం అలవాటైపోయింది.

తెలుగు ముస్లిం కుటుంబాలను ప్రత్యేకంగా పట్టుకునే సాకు ఇంకొకటి ఉంది. ఒకే మనిషి పేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగ్‌తో, పాన్‌లో ఇంకో స్పెల్లింగ్‌తో ఉండటం ఈ ఇళ్లలో మామూలు. షేక్ అన్న మాట ఒకచోట పూర్తిగా, ఇంకోచోట రెండక్షరాల పొడి రూపంలో ఉంటుంది. మహమ్మద్‌కి నాలుగు రకాల స్పెల్లింగులు. ఇంటి పేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక. పింఛను దగ్గర, రేషన్ దగ్గర, స్కాలర్‌షిప్ దగ్గర దీనివల్ల తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్లు ఉన్నారు. అందుకే "కార్డులో పేరు ఆధార్‌తో కలవడం లేదు, కేవైసీ చేయకపోతే కార్డు ఈ రాత్రికే ఆగిపోతుంది" అని ఎవరైనా ఫోన్ చేస్తే అది నిజమే అనిపిస్తుంది. గుండె దడ మొదలవుతుంది. వాట్సాప్‌లో ఆధార్, పాన్ రెండూ వెళ్లిపోతాయి.

పేరులో తేడా నిజంగానే ఉండొచ్చు. దాన్ని సరిచేసుకోవాల్సింది బ్యాంకు బ్రాంచిలోనో, ఆధార్ కేంద్రంలోనో. ఫోనులో ఎవరో చెప్పిన గంట గడువులో కాదు. బ్యాంకు సైటు అడ్రసును కూడా గమనించాలి. దేశంలోని బ్యాంకులన్నీ తమ సైట్లను 2025 అక్టోబరు 31లోగా 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే చివరి పేరుకు మార్చాలని రిజర్వు బ్యాంకు గడువు పెట్టింది. బ్యాంకు పేరుతో వచ్చిన లింకు చివర అది లేకపోతే నొక్కకుండా ఉండటమే నయం.

ఇవ్వక తప్పని చోట్లు

అన్నిచోట్లా కాదనడం కుదరదు. ఉమ్రాకు వెళ్లాలంటే వీసాకు పాస్‌పోర్టు వివరాలు, ఫోటో కావాలి. ట్రావెల్ ఏజెంటు వాటిని అడగడం న్యాయమే. అయితే పాస్‌పోర్టు కాపీ అంటే పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, అడ్రసు, సంతకం, ఫోటో, అన్నీ ఒకే మూటలో ఇచ్చేసినట్టే. ఇంట్లో ఆడవాళ్ల ఫోటోలు ఏజెంటు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరెవరి ఫోన్లలో చేరతాయో తెలియదన్న బాధ కూడా చాలా కుటుంబాల్లో ఉంది. ఆ బాధ అనవసరమైంది కాదు, మొహమాటపడకుండా అడగాలి. కాపీలు ఎవరి దగ్గర ఉంటాయి, గ్రూపులో కాకుండా ఆఫీసు ఈమెయిల్‌కు పంపొచ్చా, వీసా వచ్చాక తీసేస్తారా? అసలు తిరిగి అడిగే ఖాతాదారు అని తెలిస్తేనే చాలా ఆఫీసులు జాగ్రత్త పడతాయి. వాళ్లు ఒప్పుకుంటే కాపీ మీద అక్షరాలు చెరిగిపోకుండా "ఉమ్రా వీసా కోసం మాత్రమే" అని, తేదీ వేసి అడ్డంగా రాయొచ్చు. డబ్బు మాత్రం కంపెనీ పేరున ఉన్న ఖాతాకో, వాళ్ల పేమెంట్ పేజీలోనో కట్టి రసీదు తీసుకోవాలి. పాస్‌పోర్టు కాపీతో పాటు కార్డు ఫోటో అడిగితే అక్కడే ఆగిపోవాలి. వీసాకూ కార్డు ఫోటోకూ ఏ సంబంధమూ లేదు.

జకాత్, సదఖా ఆన్‌లైన్‌లో ఇచ్చేవాళ్లు పెరిగారు. రిజిస్టరైన ట్రస్టుకు ఇచ్చి, 80జీ కింద ఆదాయపు పన్ను మినహాయింపు కోరుకుంటే పాన్ ఇవ్వక తప్పదు, ఎందుకంటే దాతల వివరాలు ట్రస్టు పన్ను శాఖకు పంపాలి. ఆధార్ రెండు వైపులా ఫోటో, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ అడిగితే మాత్రం అది చందా అడగడం కాదు. జబ్బుతో ఉన్న పసిబిడ్డ ఫోటో పెట్టి రంజాన్‌లో తిరిగే లింకులన్నీ అబద్ధం కావు, అన్నీ నిజం కూడా కావు. ఆ సంస్థ సైటును విడిగా వెతికి తెరిచి అక్కడే కట్టడం వల్ల ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది, సవాబు తగ్గదు.

గుర్తింపు తప్పనిసరిగా చూపాల్సి వస్తే మాస్క్‌డ్ ఆధార్ ఉంది. ఉడాయ్ సైటు నుంచి దించుకునేటప్పుడు ఆ రకం ఎంచుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనిపించవు, చివరి నాలుగు మాత్రమే ఉంటాయి. చాలా చోట్ల ఇది సరిపోతుంది. వేలిముద్రలతో ఎవరూ ఆధార్‌ను వాడకుండా బయోమెట్రిక్ లాక్ కూడా అక్కడే వేసుకోవచ్చు, అవసరమైనప్పుడు కాసేపు తీసుకోవచ్చు.

ఒక కార్డు, ఇంటిల్లిపాది

కొడుకు దమ్మామ్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు. అతని ఎన్ఆర్ఈ ఖాతా కార్డు ఇక్కడ అమ్మ దగ్గర ఉంటుంది. ఓటీపీ వచ్చేది అతని ఫోనుకు. ఇంట్లో ఏదైనా కొనాలంటే అమ్మో చెల్లెలో ఫోన్ చేస్తారు, అతను డ్యూటీ మధ్యలో ఆ ఆరు అంకెలు వాట్సాప్‌లో పంపేస్తాడు. ఎన్నో ఇళ్లలో ఇది రోజువారీ వ్యవహారం. ప్రేమతో జరిగే పనే గానీ, మోసగాళ్లకు ఇంతకన్నా సులువైన దారి లేదు. ఓటీపీ పంపేవాడికి అక్కడ ఏం కొంటున్నారో తెలియదు. అందుకున్నవాళ్లకు మెసేజ్‌లో రాసి ఉన్న మొత్తం ఎంతో తెలియదు. ఎవరైనా చెల్లెలి వాట్సాప్‌ను చేజిక్కించుకుని "భయ్యా, ఓటీపీ భేజో" అని రాస్తే అతను ఆలోచించకుండా పంపుతాడు, ఎందుకంటే అది అలవాటు.

పైగా కార్డు ఎవరి పేరున ఉందో వాళ్లే వాడాలన్నది బ్యాంకుల షరతు. రేపు డబ్బు పోయి ఫిర్యాదు చేస్తే, కార్డూ ఓటీపీ ఇంకొకరికి ఇచ్చారు కాబట్టి బాధ్యత మీదేనని బ్యాంకు అనే వీలుంది. అమ్మ పేరున ఒక మామూలు పొదుపు ఖాతా, ఆమె సొంత నంబరుతో లింకు చేసిన డెబిట్ కార్డు, అందులో కొడుకు నెలనెలా వేసే ఖర్చుల డబ్బు. ఈ ఏర్పాటుతో చిక్కు చాలావరకు విడిపోతుంది. ఏదైనా జరిగినా పోయేది ఆ ఖాతాలో ఉన్నంతే, ఎన్నేళ్లుగానో గల్ఫ్‌లో కూడబెట్టిన సొమ్ము కాదు. క్రెడిట్ కార్డు ఉన్న ఇళ్లలో భార్య పేరున యాడ్-ఆన్ కార్డు తీసుకుని దానికి విడిగా పరిమితి పెట్టొచ్చు. అమ్మీకి ఫోను రాదు కదా అని ఆమె నంబరుకు బదులు మనవడి నంబరు ఇవ్వడం కన్నా, మెసేజ్ ఎలా చదవాలో ఒక సాయంత్రం కూర్చుని ఆమెకు నేర్పడం మేలు.

ఈ సందర్భంలో ఒక మాట. ముక్కూ మొహం తెలియని అమ్మకందారు "కార్డు వద్దు, ఈ నంబరుకు యూపీఐ చేయండి" అంటే చాలామంది కార్డు వివరాలు ఇవ్వనక్కర్లేదు కదా అని సంతోషిస్తారు. వివరాల వరకు అది నిజమే. కానీ సరుకు రాకపోతే కార్డు చెల్లింపును బ్యాంకు ద్వారా సవాలు చేసి డబ్బు వెనక్కి అడిగే పద్ధతి ఉంది, దాన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. సొంత ఇష్టంతో ఒక మనిషి ఖాతాకు పంపిన యూపీఐ డబ్బును వెనక్కి రప్పించడం అంతకన్నా కష్టం. అసలు పేరూ అడ్రసూ లేని చోట రెండూ వద్దు. క్యాష్ ఆన్ డెలివరీ ఇవ్వని కొత్త పేజీని వదిలేస్తే అబాయాలకేమీ కరువు రాదు.

లావాదేవీని రాసి పెట్టుకోమని ఖుర్ఆన్ సూరా బఖరా 282వ ఆయతులో చెప్పిన సంగతి ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆన్‌లైన్ కొనుగోలుకు ఆ రాత అంటే ఆర్డరు నంబరు, పేజీ అడ్రసు, చాటింగ్, పేమెంట్ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లే. చార్జ్‌బ్యాక్ అడిగినా, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా మొదట అడిగేవి ఇవే.

డబ్బు పోయిన రోజు

డబ్బు పోయిందని తెలిసిన క్షణం నుంచి గడియారం తిరుగుతూనే ఉంటుంది. ముందు బ్యాంకు యాప్‌లో కార్డును బ్లాక్ చేయాలి, లేదా కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేయాలి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు చేయకూడదు, దొంగలు అక్కడ కూడా నంబర్లు పెట్టి కూర్చుంటారు. వెంటనే 1930కి కాల్ చేయాలి. ఇది దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఫిర్యాదు అందితే దాన్ని అక్కడే ఆపించే అవకాశం ఉంటుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో కూడా ఫిర్యాదు రాసి నంబరు తీసుకోవాలి.

బ్యాంకుకు ఎన్ని రోజుల్లో చెప్పారన్న దాని మీదే డబ్బు లెక్క ఆధారపడి ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఈ విషయంలో ఖాతాదారులకు పెద్ద అండ. బ్యాంకు తప్పూ ఖాతాదారు తప్పూ లేకుండా మధ్యలో ఎక్కడో జరిగిన మోసమైతే, బ్యాంకు మెసేజ్ అందాక మూడు పని దినాల్లోగా చెబితే ఖాతాదారుకు నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే మామూలు పొదుపు ఖాతాకు మోయాల్సిన గరిష్ఠ నష్టం 10,000 రూపాయలు, కనీస నిల్వ అక్కర్లేని ప్రాథమిక ఖాతాకు 5,000. ఏడు రోజులు దాటితే ఆ బ్యాంకు సొంత విధానం ప్రకారం. ఫిర్యాదు చేసిన పది పని దినాల్లోగా ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలి, 90 రోజుల్లో వ్యవహారం తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేయాల్సిన భారం కూడా బ్యాంకు మీదే ఉంది.

ఓటీపీ తామే చెప్పేస్తే మాత్రం లెక్క మారిపోతుంది. బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. చెప్పిన తర్వాత జరిగేది బ్యాంకుది. ఈ రెండో వాక్యమే ఇళ్లలో ఎవరికీ తెలియడం లేదు. మోసపోయిన కోడలు మామగారికి చెప్పడానికి భయపడుతుంది. అబ్బా తిడతారని కాలేజీ కుర్రాడు నోరు మెదపడు. పెద్దవాళ్లయితే నలుగురూ నవ్వుతారని మింగేస్తారు. ఆ రెండు మూడు రోజుల్లో దొంగలు మిగతాది కూడా ఊడ్చేస్తారు. ఇంట్లో తిట్టుకోవడం, ఎవరి తప్పో తేల్చుకోవడం కార్డు బ్లాక్ అయ్యాక కూడా చేసుకోవచ్చు. నెల రోజుల్లోగా బ్యాంకు నుంచి జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. వకీలు అక్కర్లేదు.

కార్డుతో పాటు ఆధార్, పాన్ కూడా వెళ్లిపోయి ఉంటే పని అక్కడితో అయిపోదు. ఆ కాగితాలతో ఎవరైనా సిమ్ తీసుకోవచ్చు, లోన్ యాప్‌లో అప్పు తీసుకోవచ్చు. వడ్డీ ముట్టని ఇంట్లో పెద్దాయన పేరున వడ్డీ అప్పు ఒకటి నడుస్తూ ఉండి, వసూలు చేసేవాళ్లు గుమ్మం ముందుకొచ్చేదాకా ఆయనకు తెలియకపోవచ్చు. తన పేరున ఎన్ని ఫోన్ నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుని, తనవి కానివాటిని అక్కడే కాదని చెప్పొచ్చు. తన పాన్ మీద ఏయే అప్పులు ఉన్నాయో క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తుంది. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, సీఆర్ఐఎఫ్ హైమార్క్ అనే నాలుగు సంస్థలూ ఏడాదికి ఒక్కో పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకొకటి చొప్పున ఒక్కో సంస్థ దగ్గర తీసుకుంటే ఏడాదంతా రూపాయి ఖర్చు లేకుండా కనిపెట్టి ఉండొచ్చు. తెలియని అప్పు కనిపిస్తే ఆ రిపోర్టు ఇచ్చిన సంస్థకు, అప్పు ఇచ్చినట్టు రాసి ఉన్న కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం పంపి, పోలీసు ఫిర్యాదు కాపీ దానికి జత చేయాలి.